ఎడమచేతి గాలం

విశ్వనాథం చేపలు పడుతున్నాడని తెలిసినప్పుడు అమెరికాలో, టాకోమా ఊళ్ళో ఉన్న మా తెలుగువాళ్ళెవరూ నమ్మలేదు. ఆయన కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. ఎవరింటికి భోజనానికి వచ్చినా పప్పు గిన్నె ఎక్కడుందో చూసుకుని, అందులో చికెన్ గరిటె పెట్టలేదు కదా అని మెల్లిగా అడిగి, అడిగినందుకు మళ్ళీ సారీ చెప్పేవాడు. అలాంటివాడు చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని, మంచులాంటి ఉప్పునీళ్ళలో తొడలోతున నిలబడి ట్రౌట్‌నీ, సాల్మన్‌నీ పడుతున్నాడంటే ఎవరో పుట్టించిన జోక్ అనుకున్నాం.

మేమిద్దరం ఒకే ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేవాళ్ళం. ఆయన డేటాబేస్‌లు చూసేవాడు, నేను టెస్టింగ్‌లో ఉండేవాణ్ణి. వాళ్ళది అమలాపురం దగ్గర, మాది జనగామ. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన భార్య కనకదుర్గ నాకు వదిన. శనివారాలు వాళ్ళ లివింగ్ రూమ్‌లో పిల్లలకు సంగీతం చెప్పేది. కూతురు దేదీప్య అప్పటికి స్కూల్లో ఉంది.

విశ్వనాథానికి చిన్నతనంలో ఉబ్బసం ఉండేదట. ఆటల పీరియడ్‌లో అతన్ని గట్టు మీద కూర్చోబెట్టి, ఆడే పిల్లల చెప్పులకు కాపలా పెట్టేవారు. సైకిల్ నేర్చుకోలేదు. ఈత రాదు. ఉబ్బసం పోయాక కూడా భయం పోలేదు. పెళ్ళిలో తలంబ్రాలు పోస్తుంటే సగం నేలపాలు చేశాడని వదిన ఇప్పటికీ చెబుతుంది. తన ఒళ్ళు తన మాట వినదని నలభై రెండేళ్ళు నమ్మి బతికిన మనిషి.

2003 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి బయటికి వచ్చి, లంచ్ డబ్బాతో నారోస్ వంతెన కింది వైపున్న బీచ్‌కి వెళ్ళాడు. అక్కడ ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్ళు, ఆల్చిప్పలు. వెనకాల రైలు పట్టాలు. నీళ్ళలో ఒక పెద్దావిడ నిలబడి సన్నటి కర్రతో ఆకుపచ్చటి లైన్‌ని గాల్లోకి విసురుతోంది. లైన్ వెనక్కి వెళ్ళి, చాచుకుని, ఒక్క క్షణం గాల్లో ఆగి, మళ్ళీ ముందుకొచ్చి చప్పుడు లేకుండా నీళ్ళ మీద పరుచుకుంటోంది. డబ్బా మూత తియ్యడం మర్చిపోయి చూస్తూ కూర్చున్నాడట.

ఆవిడ పేరు హెలెన్. స్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైంది. చూస్తూ కూర్చున్నవాణ్ణి పిలిచి కర్ర చేతికిచ్చింది. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారని, గాలానికి పురుగు గుచ్చరని, కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, మెరుపు దారం చుట్టి చిన్న చేపలా కనిపించేట్టు చేస్తారని చెప్పింది. ఆ ఎరకు బరువు ఉండదు. బరువంతా లైన్‌దే. అందుకని బలంతో పనిలేదు. లైన్ వెనక్కి పూర్తిగా చాచుకునేదాకా ఓపిక పట్టడం తెలిస్తే చాలు.

ఓపిక పట్టడం విశ్వనాథానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ చలికాలం అయ్యేసరికి లైన్ అతని మాట వినడం మొదలుపెట్టింది. హెలెన్ పాత కర్ర ఒకటి ఇచ్చింది. లాగిన లైన్ కాళ్ళకు చుట్టుకోకుండా నడుముకు బుట్ట కట్టుకోవాలని ఆవిడ చెబితే, వదిన గిన్నెలు కడిగే ప్లాస్టిక్ టబ్‌కి బెల్టు కట్టుకుపోయాడు. వదిన ఇంకోటి కొనుక్కుంది.

సముద్రం నుంచి వాగుల్లోకీ, వాగుల్నుంచి సముద్రంలోకీ తిరిగే ట్రౌట్ ఒకటుంది అక్కడ, గొంతు కింద కోసినట్టు ఎర్రటి గీత ఉంటుంది. ఆ ఉప్పునీళ్ళలో దాన్ని పడితే వదిలెయ్యాలని రూల్. విశ్వనాథానికి అదే కావలసింది. చెయ్యి తడుపుకుని, నీళ్ళలోనే కొక్కెం తీసి, చేప తేరుకునేదాకా పట్టుకుని వదిలేవాడు. వదినకు మాత్రం ఇది మింగుడు పడలేదు. తినేవాళ్ళు పట్టారంటే ఒక అర్థం ఉంది, మీరు దాని నోట్లో ఇనుము గుచ్చి, ముచ్చట చూసి వదిలేస్తారు, ఇదేం సరదా అని అడిగింది. నిజమే దుర్గా, అన్నాడట. అన్నాక కూడా మానలేదు. బీచ్ నుంచి వస్తే గరాజ్‌లోంచే స్నానానికి వెళ్ళాలని, ఆ తర్వాతే వంటింట్లోకి రావాలని వదిన షరతు పెట్టింది. వాళ్ళ కాపురంలో ఆయన ఆమె మాట కాదన్నది ఈ ఒక్క విషయంలోనే.

నేనొకసారి చూద్దామని వెంట వెళ్ళాను. నాకు చేపల గురించి ఏమీ తెలియదు, తర్వాత కూడా నేర్చుకోలేదు. కానీ ఆఫీసులో మీటింగ్‌కి వస్తే కుర్చీకి తగిలి కాఫీ ఒలకబోసే మనిషి, నీళ్ళలోకి దిగగానే వేరే మనిషి అయిపోయాడు. భుజాలు సర్దుకున్నాయి. చెయ్యి పైకి లేచి ఆగింది. వెనక లైన్ మొత్తం విప్పుకుంది. అప్పుడు ముందుకు వచ్చింది, తొందర లేకుండా, నేను అనుకున్నదానికన్నా చాలా దూరం. అట్లా ఒక గంట. ఒక్క చేపా పడలేదు. బయటికొచ్చాక ఆయన ముఖం చూస్తే పడనట్టే లేదు.

"తేజా, నా చెయ్యి చూశావా?" అన్నాడు. చేప గురించి కాదు, చెయ్యి గురించి.

ఆయనకు ఒకే ఒక కోరిక ఉండేది. ఏటా సెప్టెంబరులో కోహో సాల్మన్లు పెద్ద సముద్రం నుంచి తమ నదులకు తిరిగి పోతూ ఆ ఒడ్డు పక్కగా వెళ్తాయి. వెండి రంగు, మూరెడు పొడుగు, నీళ్ళమీదికి ఎగిరి పడుతుంటాయి. ఎదురుగానే ఎగురుతాయి, గాలం మాత్రం ముట్టుకోవు. బేసి సంవత్సరాల్లో వచ్చే పింక్ సాల్మన్లు అమాయకంగా చిక్కుతాయి, కోహోలు అట్లా కాదు. హెలెన్ ఏడాదికి ఒకటో రెండో పట్టేది. విశ్వనాథం గాలానికి రెండుసార్లు తగిలి తప్పించుకున్నాయి. ఒక్కటి, ఒక్కసారి చేతుల్లోకి తీసుకుని వదిలెయ్యాలని ఆయన ఆశ.

2009లో హెలెన్‌కి కీళ్ళనొప్పులు ముదిరి అరిజోనాలో కూతురి దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాది చలికాలంలో విశ్వనాథం లైన్ చెడిపోవడం మొదలైంది. గాల్లో నున్నగా సాగే లైన్‌లో ముడతలు వచ్చేవి. చివర్న ముళ్ళు పడేవి. చలి అనుకున్నాడు. ఊలు గ్లవ్స్ కొన్నాడు. తర్వాత ఆఫీసులో మౌస్ దానంతటదే కదలడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడమచెయ్యి వేసుకుని మీటింగుల్లో కూర్చునేవాడు. పక్క సీట్లో ఉండి కూడా నాకు తట్టలేదు.

ఒకరోజు పార్కింగ్‌లో కార్ ఎక్కబోతుంటే పిలిచాడు. డాక్టర్ పార్కిన్సన్స్ అన్నాడని చెప్పాడు. నేను ఏదో అన్నాను, మందులున్నాయి కదన్నా, చాలామంది ఏండ్లకేండ్లు మంచిగనే ఉంటరు అని. ఆయన తలూపాడు.

"నలభై రెండేళ్ళు వినలేదు. ఏడేళ్ళు విన్నది. మళ్ళీ మానేసింది," అన్నాడు.

మందులు మొదట్లో కాస్త పనిచేశాయి. 2011 సెప్టెంబరులో ఒక ఉదయం నన్ను తోడు రమ్మంటే వెళ్ళాను. ఎండ ఇంకా వంతెన మీదికి రాలేదు. ఆయన వేసిన లైన్ దగ్గర్లోనే పడింది, ముడతలతోనే. అయినా దాన్ని లాగుతుండగా కర్ర ఒక్కసారిగా వంగింది. నీళ్ళు పగిలి చేప బయటికి ఎగిరింది. నాకు కూడా తెలిసిపోయింది అది కోహో అని.

చేప పరుగెత్తేటప్పుడు టబ్‌లో ఉన్న లైన్‌ని వేళ్ళమధ్యగా వదులుతూ పోవాలట. ఎక్కడా పట్టుకోకూడదు, ఎక్కడా తట్టుకోనివ్వకూడదు. ఆయన కుడిచెయ్యి కర్రను ఊపేస్తోంది, ఎడమచెయ్యి ఆ ఊపును ఆపడానికి పోయింది. లైన్ ఒక చుట్టగా లేచి జాకెట్ బొత్తానికి చిక్కుకుంది. బిగుసుకుని టప్పున తెగింది. అదంతా నేను ఊపిరి తీసుకునేలోపే అయిపోయింది.

చాలాసేపు ఆయన నీళ్ళలోనే ఉన్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను, బూట్లు తడిసిపోయాయి. ఆయన కుడిచేతి వైపు చూస్తున్నాడు. కోపంగా కాదు. మోసం చేసిన బంధువును చూసినట్టు చూస్తున్నాడు.

ఆ చలికాలమే ఎడమచేత్తో మొదలుపెట్టాడు. దేదీప్య చదివిన స్కూల్ గ్రౌండ్‌లో, కొక్కెం లేకుండా, లైన్ చివర ఎర్రటి ఊలు ముక్క కట్టి, తడి గడ్డిమీద విసిరేవాడు. మొదట్లో ఆ ఊలు ఆయన చెవికి, టోపీకి, వీపుకు తగిలేది. కుక్కల్ని తిప్పేవాళ్ళు ఆగి చూసేవారు. అదివరకైతే సిగ్గుతో చచ్చిపోయేవాడు, ఇప్పుడు పట్టించుకోలేదు. వదిన కార్‌లో కూర్చుని పిల్లల పాఠాలు సర్దుకుంటూ ఉండేది. వాన వస్తే దిగివచ్చి గొడుగు పట్టేది. గొడుగు ఉంటే లైన్ వెయ్యడం కుదరదు కదా అంటే, మీరు ఆగినప్పుడు పడతాను అనేది. చేపల్ని పట్టడం ఆమెకు అప్పటికీ ఇష్టం లేదు. ఆ మాట ఎత్తడం మాత్రం మానేసింది.

రెండు చలికాలాలు అట్లా గడిచాయి. 2013 వేసవి చివర్లో పింక్ సాల్మన్లు గుంపులు గుంపులుగా వచ్చాయి. విశ్వనాథం ఎడమచేత్తో వేసిన లైన్ పాత కుడిచేతి లైనంత అందంగా లేదు, కానీ నిటారుగా వెళ్ళింది. ఒక్క ఉదయమే అయిదో ఆరో పట్టి వదిలాడు. కాలేజీకి వెళ్ళబోతున్న దేదీప్య ఫోన్‌తో ఫొటోలు తీసింది.

"నాన్నా, నువ్వు రియల్లీ గుడ్. నాకు తెలీదు," అంది.

ఆయన నవ్వాడు. అప్పటికే ముఖం సగం బిగుసుకుపోయింది కాబట్టి ఆ నవ్వు ఒక పక్కకే వచ్చింది. వచ్చే సెప్టెంబరుకు కోహో, అన్నాడు. మేమంతా కూడా నమ్మాం.

2014 ఉగాది దాటాక ఎడమచెయ్యి కూడా వణకడం మొదలుపెట్టింది. కాఫీ కప్పు ఏ చేతికి ఇవ్వాలో వదినకు తోచేది కాదు. తర్వాత అడుగులు. గుమ్మాల దగ్గర ఆగిపోయేవాడు. వెళ్ళాలని ఉన్నా పాదాలు నేలకు అంటుకుపోయినట్టు అయ్యేవి. మాట పల్చబడింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. మందులు పెంచారు, మార్చారు, దేనికీ లొంగలేదు. సియాటిల్లో ఇంకో డాక్టర్ చూసి, ఇది పార్కిన్సన్స్ కాదని, అలాగే మొదలై దానికన్నా వేగంగా నడిచే వేరే జబ్బని చెప్పింది. ఆపే మందు ఇంతవరకు లేదని కూడా దాచకుండా చెప్పింది. ఆయన ఉద్యోగం మానేశాడు. ఆఫీసులో కేక్ కోశారు. కత్తి పట్టుకోవడానికి నేను సాయం చేశాను.

నీళ్ళలోకి దిగవద్దని అందరూ చెప్పారు. సెప్టెంబరు వచ్చింది. ఒక్కసారి అని ఆయన అడిగాడు. నేనప్పుడు దేశానికి ఆ చివరన ఎడిసన్‌లో ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళి ఉన్నాను. జరిగింది తర్వాత వదిన చెబితే తెలిసింది.

వదినే తీసుకువెళ్ళింది. రబ్బరు ప్యాంటు తొడిగి, బూట్లు కట్టి, నీళ్ళ అంచుదాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. మోకాలు దాటనని మాట తీసుకుంది. ఒడ్డున ఒక దుంగ మీద కూర్చుంది. ఆయన నాలుగైదుసార్లు విసిరాడు, లైన్ కాళ్ళ దగ్గరే కుప్పగా పడింది. తర్వాత విసరడం ఆపేశాడు. అలసిపోయాడేమో, చూస్తున్నాడేమో అనుకుంది. దూరంగా కోహోలు ఎగురుతున్నాయి. పోటు మొదలైంది. మోకాళ్ళ దగ్గర ఉన్న నీళ్ళు తొడలకు, తర్వాత నడుముకు వచ్చాయి. ఆయన కదల్లేదు. పిలవలేదు.

అప్పుడు ఆమెకు అర్థమైంది, కాళ్ళు పట్టేశాయని. చుడీదార్‌తో, స్నీకర్లతో నీళ్ళలోకి దిగింది. ఆమెకూ ఈత రాదు. భుజం పట్టి లాగితే ఆయన ఒరిగాడు. పడితే ఆ ప్యాంటులోకి నీళ్ళు నిండుతాయి, ఇక లేవలేడు. ఆయన ఆమెను చూసి, వినీ వినపడని గొంతుతో, ఇంటికి తాళం వెయ్యమని చెప్పినంత మామూలుగా అన్నాడట.

"నువ్వు వెళ్ళిపో దుర్గా."

"నోరు మూసుకోండి," అంది వదిన. ఆయనతో ఆమె అలా మాట్లాడటం అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక, శనివారం పిల్లలకు చెప్పినట్టు, ఆయన వీపు మీద అరచేత్తో తాళం వేస్తూ తకధిమి, తకధిమి అని గట్టిగా అనడం మొదలుపెట్టింది. చన్నీళ్ళకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. తాళం తప్పకుండా అంటూనే ఉంది. కొంతసేపటికి ఆయన కుడికాలు లేచింది. తర్వాత ఎడమకాలు. ఆ తాళం మీదే ఒడ్డుకు వచ్చారు. కర్ర నీళ్ళలో ఎక్కడో పోయింది.

గులకరాళ్ళ మీద కూర్చున్నాక అడిగిందట, ఎందుకు పిలవలేదని. చేపలు దగ్గర్లోనే ఉన్నాయి కదా, చూస్తున్నాను అన్నాడు.

"నేను నమ్మలేదు తేజా," అని చెప్పింది వదిన నాతో. "ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. దేదీప్యకు చెప్పలేను."

ఆ చలికాలమంతా ఆ ఇంట్లో తకధిమి వినిపించేది. మంచం నుంచి బాత్‌రూమ్‌కి, బాత్‌రూమ్ నుంచి సోఫాకి. సంగీతం నేర్చుకునే పిల్లలు కూడా అంకుల్ లేస్తుంటే తమంతట తామే చప్పట్లు కొట్టేవారు. వసంతం వచ్చేసరికి దానికీ కాళ్ళు లేవడం మానేశాయి. చక్రాల కుర్చీ వచ్చింది. మంచినీళ్ళు గొంతుకు అడ్డం పడుతున్నాయని, వాటిలో ఒక పొడి కలిపి చిక్కగా చేసి స్పూన్‌తో పట్టాల్సి వచ్చింది. దేదీప్య కాలేజీ నుంచి ప్రతి వారం వచ్చేది, వచ్చిన ప్రతిసారీ తండ్రి ఇంకొంచెం తగ్గిపోయి కనిపించేవాడు.

2015లో కొండల మీద మంచు సరిగా పడలేదు. వేసవంతా ఎండలు కాశాయి, నదులు ఎండి వేడెక్కాయి. సెప్టెంబరులో ఒక ఆదివారం వదిన, నేను ఆయన్ను కార్‌లో బీచ్‌కి తీసుకువెళ్ళాం. దిగుతారా అంటే వద్దన్నాడు. అద్దం దించి కూర్చోబెట్టాం. నీళ్ళలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు, అంతే. ఎక్కడా చేప ఎగరలేదు. ఆ బీచ్‌లో ఆయన్ను ఏళ్ళుగా చూసిన ఒక అమెరికన్ గుర్తుపట్టి కార్ దగ్గరకు వచ్చాడు. వెనక మడిచి పెట్టిన చక్రాల కుర్చీ, ఆయన చేతులు, అన్నీ చూశాడు. ఏమనాలో తెలియక, ఈ ఏడు కోహోలు రాలేదని, వచ్చినవి కూడా చిన్నవని, నువ్వు పోగొట్టుకున్నదేమీ లేదని చెప్పి, భుజం తట్టి వెళ్ళాడు. మంచి మనసుతోనే అన్నాడు.

విశ్వనాథం ముఖంలో అప్పటికి ఏ భావమూ పలికేది కాదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారాయి. వదిన కొంగుతో తుడిచింది. ఏమైందన్నా అని దగ్గరగా వంగాను. చాలాసేపు పట్టింది మాట రావడానికి.

"వచ్చాయని చెప్తే బాగుండేది," అన్నాడు.

మందు టైమ్ అవుతోందని వదిన కార్ తిప్పింది. ఆ తర్వాత ఆ వైపు వెళ్ళలేదు.

ఇది రాస్తున్నది డిసెంబరులో. శనివారాలు వదిన పాఠాలు చెప్పేటప్పుడు నేను వెళ్ళి లోపలి గదిలో ఆయన దగ్గర కూర్చుంటాను. మొదట్లో ఏవో కబుర్లు చెప్పేవాణ్ణి. పోయిన వారం, వానలు పడి నదుల్లో నీళ్ళు బాగా పెరిగాయట, ఆలస్యంగానైనా కొన్ని చేపలు పైకి పోయాయట అని, ఎక్కడో చదివింది చెప్పబోయాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"చెప్పకు తేజా," అన్నాడు.

సరే అన్నాను. దిండు సరిచేసి, చిక్కటి నీళ్ళు రెండు స్పూన్లు పట్టాను. రెండోది దగ్గుతో బయటికి వచ్చేసింది. తువ్వాలు తెచ్చి మెడ తుడిచాను. పాఠం అయిపోయి వదిన వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.